కంప్యూటర్‌కు దారి చెప్పే పాఠం

మీరు సమకూర్చిన కంప్యూటర్లపై మన పిల్లలు జావా నేర్చుకుంటున్నారు. మొదటి రోజే చిక్కు వచ్చింది. జావా ఇన్‌స్టాల్ అయింది. కానీ కమాండ్ ప్రాంప్ట్‌లో ‘జావాసీ’ అని టైప్ చేస్తే, అలాంటి కమాండ్ తనకు తెలియదని కంప్యూటర్ జవాబిచ్చింది. దాతలిచ్చిన కంప్యూటర్‌ను తానే పాడుచేశానని భయపడి ఒక అమ్మాయి మర్నాడు తరగతికి రాలేదు.

ఆమెను పిలిపించి అందరికీ ఇలా చెప్పాము. అటెండరును గ్లోబు తెమ్మన్నామనుకోండి. వెతకాల్సిన గదుల జాబితా అతని చేతిలో ఉంటుంది. ఆ వరుసలోనే వెళ్లి, ముందు కనిపించినది తెస్తాడు. జాబితాలో లేని గదిలో గ్లోబు ఉన్నా ‘లేదండీ’ అని తిరిగి వస్తాడు. విండోస్ దగ్గరున్న అలాంటి జాబితా పేరే ‘పాత్’. అందులో గదులకు బదులు ఫోల్డర్లు ఉంటాయి.

చేయవలసింది ఇది. జావా ఫోల్డరులోని ‘బిన్’ తెరిచి, జావాసీ అక్కడ ఉందని చూసుకుని, ఆ చిరునామా కాపీ చేసుకోవాలి. స్టార్ట్ మెనూలో ‘ఎన్విరాన్‌మెంట్’ అని వెతికి, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ తెరవాలి. పైభాగంలోని యూజర్ వేరియబుల్స్‌లో ‘పాత్’ ఎంచుకుని, ఎడిట్, న్యూ నొక్కి, చిరునామా అతికించి, అన్ని కిటికీల్లో ఓకే నొక్కాలి. తెరిచి ఉన్న కమాండ్ ప్రాంప్ట్‌కు పాత జాబితాయే గుర్తుంటుంది కనుక దాన్ని మూసి మళ్లీ తెరవాలి.

ఒక జాగ్రత్త. విండోస్ 10, 11లో ఒక్కో ఫోల్డరు ఒక్కో వరుసలో కనిపిస్తుంది. విండోస్ 7లో అన్నీ ఒకే వరుసలో, మధ్యలో సెమికోలన్‌తో ఉంటాయి. ఒకసారి అక్కడి సిస్టమ్ పాత్‌లో ఉన్నదంతా చెరిపి కొత్తది ఒక్కటే రాసింది మేమే! ఆ తర్వాత ‘పింగ్’ కమాండ్ కూడా పనిచేయలేదు. పిల్లల ముందే తప్పు ఒప్పుకుని, పక్క కంప్యూటర్లోని జాబితా చూసి సరిచేశాము. అప్పటి నుంచి పాత వరుసను ముందు నోట్‌ప్యాడ్‌లో దాచుకుంటున్నాము. పిల్లలకు చెప్పేది ఒక్కటే: చెరపకండి, చేర్చండి.

భయపడిన ఆ అమ్మాయే ఇప్పుడు కొత్తవాళ్లకు పాత్ పెట్టి చూపిస్తోంది. కంప్యూటర్ ఇచ్చిన మీకు కృతజ్ఞతలు. మీలో ఈ పని తెలిసినవారు ఆదివారం ఒక గంట వచ్చి పిల్లల పక్కన కూర్చుంటే, అదీ మాకు విరాళమే.