తెల్లగుర్రానికి గ్రే అనే రాయి

చి. మాధవికి,

నీ ఉత్తరం మీ అమ్మ చదివి వినిపించింది. న్యూమార్కెట్‌లో ఉద్యోగం మానేసి వచ్చేస్తానన్నావట. అది మీ తల్లీకూతుళ్ళు తేల్చుకోండి. నా మనసు మాత్రం ఇంకో దగ్గర ఆగిపోయింది. పాలనురుగులా ఉన్న ఆడగుర్రం పాస్‌పోర్టులో రంగు దగ్గర వైట్ అని రాశావు. పెద్ద డాక్టరు అందరి ముందూ కొట్టేయించి, గ్రే అని రాయించాడు. కళ్ళకు కనబడిందే రాశాను, ఇదేం పట్టింపు అని అడిగావు.

అందరి ముందూ అనకుండా ఉండాల్సింది. చదువుతుంటే నాకూ బాధేసింది తల్లీ. కానీ ఆయన రాయించింది సరైన మాట. గుర్రాలవాళ్ళ ఇంగ్లీషులో గ్రే అంటే వయసుతో పాటు వెంట్రుక రంగు పోగొట్టుకునే గుణం. పుట్టినప్పుడు ఆ గుర్రం నల్లగానో, గోధుమరంగు బేగానో, ఎర్రటి చెస్ట్‌నట్‌గానో ఉంటుంది. ఏటేటా తెల్లవెంట్రుకలు పెరిగి, చాలావరకు పదేళ్ళు నిండేలోపే తెల్లబడిపోతుంది. కింద చర్మం మాత్రం నల్లగానే ఉంటుంది. వైట్ అనేది పుట్టుకతోనే తెలుపు, చర్మం గులాబిరంగు. రేసుగుర్రాల్లో అలాంటివి బహు అరుదు. రోన్ అనే రంగు గుర్రానికి కూడా తెల్లవెంట్రుకలు కలిసే ఉంటాయి గానీ, తలా కాళ్ళూ ముదురుగా ఉంటాయి, వయసుతో తెల్లబడదు. అనుమానమొస్తే ముట్టె చూడు, చాలు.

మలక్‌పేట రేసుకోర్సులో నేను కొత్తగా చేరినప్పుడు ఒక ముసలి సైసు ఉండేవాడు. నాకు పెళ్ళి కుదిరిందని తెలిసి లాయమంతా మిఠాయి పంచిన మనిషి. నల్లగుర్రం ఆయనకు ముష్కీ, బే అయితే కుమ్మైత్. ఎంత తెల్లబడినా గ్రేని సబ్జా అనేవాడు. గులాబి చర్మం ఉంటేనే నుక్రా. ఒకసారి నన్ను స్టడ్ ఫారానికి తీసుకెళ్ళి, చెస్ట్‌నట్ పిల్ల తల పట్టుకుని కళ్ళ చుట్టూ మొలుస్తున్న తెల్లవెంట్రుకలు చూపించాడు. "ఇది సబ్జా అవుతుంది డాక్టర్ సాబ్" అన్నాడు. మూడేళ్ళకు అది పందేనికి వచ్చేసరికి ఉక్కురంగు తిరిగింది.

1989లో చెల్ట్‌నమ్ గోల్డ్ కప్ గెలిచిన డెజర్ట్ ఆర్కిడ్ ఫొటో చూడు. ఎవరైనా తెల్లగుర్రమే అంటారు. అక్కడి జనానికి అది గ్రే.

కాగితం సంగతికొస్తే, తల్లిదండ్రుల్లో ఒకటైనా గ్రే కాకుండా గ్రే పిల్ల పుట్టదు. రేసుగుర్రాల్లోని గ్రేలన్నీ ఇంచుమించు 18వ శతాబ్దపు ఆల్కాక్స్ అరేబియన్ అనే మగగుర్రం నుంచి దిగివచ్చినవే. తండ్రి బే అనుకో, తల్లిని వైట్ అని రాస్తే, రేపు పిల్ల గ్రే తిరిగినప్పుడు పుట్టుక మీదే అనుమానమొస్తుంది.

అయినా నా గుబులు అందుకు కాదమ్మా. తోక కింద చూస్తున్నావా? 2008లో స్వీడన్ శాస్త్రవేత్తలు తేల్చారు: ఎస్‌టీఎక్స్17 జన్యువులో ఒక ముక్క రెండుసార్లు పడటమే ఈ గ్రే రంగుకు మూలం. ఆ మార్పే మెలనోమా అనే చర్మపు గడ్డల ముప్పునూ పెంచుతుంది. 15 ఏళ్ళు దాటిన గ్రేలలో నూటికి 70కి పైగా వాటికి ఈ గడ్డలు వస్తాయి. తోక కింద, మలద్వారం చుట్టూ, పెదవుల దగ్గర, చెవి కింద చిన్నగా, గట్టిగా, నల్లగా మొదలవుతాయి. నొప్పి ఉండదు గనుక గుర్రం చెప్పదు. మనమే వెతకాలి. గ్రే అని చదివిన డాక్టరు చెయ్యి తనంతట తానే తోక ఎత్తుతుంది. వైట్ అని చదివినవాడు వాతలు, ఈగకాట్లు చూసి వెళ్ళిపోతాడు. అలా ఆలస్యమై, పేడ వెయ్యలేక నరకం పడ్డ గుర్రాన్ని నేను చూశాను. ఆ కళ్ళు నీకు వర్ణించలేను. అందుకే ప్రతి గ్రేకీ నెలనెలా వేలితో తడిమి, ఎక్కడ ఎంత ఉందో తేదీ వేసి రాసుకో. ఎవరూ చెప్పకపోయినా రాసుకో.

నీ చేతికి గుర్రాలు నిలబడతాయని మీ నాన్న ఎప్పుడూ అనేవాడు. నేనూ చూశాను. చలికి వేళ్ళు పగులుతున్నాయన్నావు, రాత్రి వాజిలిన్ రాసుకుని పడుకో. పెద్దమ్మ కందిపొడి, గోంగూర పచ్చడి పంపుతోంది. పొద్దున్నే లాయంలోకి ఖాళీ కడుపుతో వెళ్ళకు. ఈ ఏటి పిల్లల్లో ఎన్నింటికి కళ్ళ చుట్టూ తెలుపు కనబడుతోందో చూసి, తల్లీతండ్రీ రంగులతో సహా నాకు రాయి.

మీ పెదనాన్న