పొలం మంటలో సూక్ష్మధూళి, డయాక్సిన్లు: పల్నాడులో పంటకట్టెల యాజమాన్యంపై పునరాలోచన

పరిచయం

మాచర్ల, నాగార్జునసాగర్‌ల మధ్య ఎత్తిపోతల వద్ద చంద్రవంక నది సుమారు 70 అడుగుల ఎత్తు నుంచి లోయలోకి దూకుతుంది. పత్తి, మిరప కోతలు ముగిసే రోజులలో సాయంవేళ ఈ ప్రాంతపు పొలాల మీద పలుచని పొగతెర కదలక నిలిచి ఉంటుంది. వాయు కాలుష్యమంటే పారిశ్రామిక నగరాల సమస్య అని భావించడం మనకు అలవాటు. 2019లో ప్రారంభమైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కూడా గుంటూరు, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాలనే లక్ష్యంగా తీసుకుంది. అయితే నగర వాయువులో మనం భయపడే రెండు కాలుష్యకాలు, సూక్ష్మధూళి, డయాక్సిన్లు, పొలం గట్టు మీద వేసే మంటలో కూడా పుడతాయి. ఈ విషయంలో విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యతను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సూక్ష్మధూళి స్వభావం

2.5 మైక్రాన్లు, అంతకంటె తక్కువ వ్యాసం గల కణాలను పీఎం 2.5 అంటారు. తల వెంట్రుక మందంలో ఇవి ఇరవయ్యో వంతుకు మించవు. ముక్కు, గొంతు వీటిని వడకట్టలేవు; ఇవి ఊపిరితిత్తుల లోతులకు చేరుతాయి. 2009 జాతీయ ప్రమాణాల ప్రకారం ఘనపు మీటరు గాలిలో పీఎం 2.5 వార్షిక సగటు 40 మైక్రోగ్రాములు, 24 గంటల సగటు 60 మైక్రోగ్రాములు మించరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాలలో ఈ విలువలు వరుసగా 5, 15 మాత్రమే.

పల్నాడులో ధూళికి రెండు మూలాలున్నాయి. మొదటిది సున్నపురాయి. పిడుగురాళ్ల సున్నపు బట్టీలు, మాచర్ల, దాచేపల్లి ప్రాంతాల సిమెంటు కర్మాగారాలు, రాతి క్వారీలు దీనిపై ఆధారపడినవే. క్వారీ ధూళిలో ముతక కణాలే ఎక్కువ. ఆకులపై పేరుకున్న సిమెంటు ధూళి మంచుతో తడిసి గట్టిపడి పొరగా మారుతుంది. పత్రరంధ్రాలు మూసుకుపోయి కిరణజన్య సంయోగక్రియ మందగిస్తుంది. నేలపై పడిన ధూళి ఉదజని సూచికను పెంచుతుంది. అసలే సున్నం పాలు అధికంగా ఉన్న నల్లరేగళ్లలో దీనివల్ల జింకు, ఇనుము మొక్కకు అందడం మరింత కష్టమవుతుంది.

రెండవ మూలం పంటకట్టెల దహనం. దీని పొగలో అత్యధిక భాగం సూక్ష్మకణాలే. చలికాలపు సాయంత్రాలలో నేల దగ్గరి గాలి చల్లబడి, పైన వెచ్చని గాలి మూతలా నిలుస్తుంది. అప్పుడు పొగ పైకి పోలేక ఊరి మీదే పరచుకుంటుంది.

డయాక్సిన్లు ఏర్పడే తీరు

డయాక్సిన్లు, ఫ్యూరాన్లు కలిపి 210 సమ్మేళనాలు. వాటిలో 17 అత్యంత విషపూరితమైనవి. అన్నింటిలోకి విషతీవ్రత ఎక్కువైన టీసీడీడీని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లో మానవులలో క్యాన్సర్ కారకంగా గుర్తించింది. వీటిని ఎవరూ కావాలని తయారుచేయరు. కార్బను, క్లోరిను ఉన్న పదార్థం సరిగా కాలనప్పుడు, సుమారు 200 నుంచి 450 డిగ్రీల సెల్సియస్ మధ్య ఇవి ఏర్పడతాయి. రాగి ఈ చర్యకు ఉత్ప్రేరకం. 850 డిగ్రీలకు పైన, కనీసం రెండు సెకన్లు నిలిచిన వాయువులలో ఇవి నశిస్తాయి.

ఈ మూడు షరతులను మన పొలానికి అన్వయించి చూద్దాం. పచ్చిదనం ఆరని కట్టెల కుప్ప పొగలు కక్కుతూ తక్కువ ఉష్ణోగ్రతలో కాలుతుంది. తెగుళ్ల నివారణకు పిచికారీ చేసిన కాపర్ ఆక్సీక్లోరైడ్ అవశేషంలో రాగి, క్లోరిను రెండూ ఉన్నాయి. ఇక విరిగిన పీవీసీ గొట్టాల ముక్కలు ఆ కుప్పలో పడితే, పీవీసీ బరువులో సుమారు 57 శాతం క్లోరినే. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం లెక్కింపు మార్గదర్శిని ప్రకారం, రసాయనాలు సోకని పంట అవశేషాలు టన్ను కాలితే గాలిలోకి 0.5 మైక్రోగ్రాముల విషతుల్యాంకం విడుదలవుతుంది. రసాయనాలు సోకి, సరిగా కాలని అవశేషాలకు అది 30 మైక్రోగ్రాములు, అనగా 60 రెట్లు.

ఒక భేదం గమనించాలి. మల్చింగ్ షీటు, డ్రిప్ లేటరల్ గొట్టాలు పాలిథీన్‌తో చేసినవి. వాటిలో క్లోరిను లేదు. అవి కాలితే మసి, సూక్ష్మధూళి వెలువడతాయి. అయితే రాగి, క్లోరిను ఉన్న కుప్పలో కలిపి కాల్చినప్పుడు ఆ భేదం రైతుకు రక్షణ ఇవ్వదు.

మంట నుంచి పాలకు

డయాక్సిన్లు నీటిలో కరగవు, కొవ్వులో నిలుస్తాయి. గుమ్మడి జాతి పంటలను మినహాయిస్తే, వేర్ల ద్వారా మొక్కలోకి చేరడం స్వల్పం. ప్రధాన మార్గం వేరు: పొగ కణాలు పశుగ్రాసం మీద వాలుతాయి, గేదె మేస్తుంది, పాల కొవ్వులోకి చేరుతుంది. మనిషికి అందే డయాక్సిన్లలో 90 శాతానికి పైగా ఆహారం ద్వారానే వస్తాయి. శరీరంలో చేరిన మోతాదు సగానికి తగ్గడానికి 7 నుంచి 11 సంవత్సరాలు పడుతుంది. పల్నాడు పాలు కలుషితమైనవని దీని అర్థం కాదు. మార్గం తెరిచి ఉంది, దానిని మూయడం మన చేతిలో ఉంది అని మాత్రమే.

మన సిఫారసును మనమే సవరించాలి

గులాబీ రంగు పురుగు నివారణకు పత్తికట్టెను పీకి కాల్చివేయాలని చాలాకాలంగా చెబుతున్నాం. ఈ వ్యాసకర్త కూడా ఎన్నో రైతు సదస్సులలో ఆ మాటే చెప్పాడు. పురుగు విషయంలో ఆ సలహాలో తప్పు లేదు. కట్టెపై మిగిలిన కాయలలో పురుగు నిద్రావస్థలో ఉంటుంది. కాని పురుగును చంపడానికి మంట ఒక్కటే మార్గం కాదు. కనుక కింది సూచనలు పరిశీలించదగినవి.

1. చివరి ఏరివేత తరువాత చేలో గొర్రెలను, మేకలను మేపి, మిగిలిన కాయలను తగ్గించాలి. పిచికారీ జరిగి ఉంటే, మందు ప్రభావ గడువు ముగిసిన తరువాతే మేపాలి.

2. ష్రెడ్డర్‌తో కట్టెను ముక్కలు చేసి నేలలో కలియదున్నాలి. కట్టెలో కార్బను పాలు ఎక్కువ కనుక సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని తాత్కాలికంగా వాడుకుంటాయి. కొంత యూరియా చల్లి, తేమ ఉన్నప్పుడు కలపాలి. కట్టెను కాలిస్తే అందులోని నత్రజని దాదాపు అంతా గాలిపాలవుతుంది.

3. బయోచార్ తయారీ మంచిదే. అయితే దానికి క్షార గుణం ఉంటుంది. పల్నాడు నల్లరేగళ్లలో భూసార పరీక్ష లేకుండా అధిక మోతాదు సిఫారసు చేయరాదు.

4. సిమెంటు బట్టీలో ముడిసరుకు సుమారు 1450 డిగ్రీల వద్ద కాలుతుంది. వ్యర్థాలను ఇంధనంగా వాడే బట్టీలకు డయాక్సిన్ పరిమితి ఘనపు మీటరుకు 0.1 నానోగ్రాము. పక్కనే ఉన్న ఈ బట్టీలకు పంటకట్టెను ఇంధనంగా చేర్చే ఏర్పాటును రైతు ఉత్పత్తిదారుల సంఘాలు పరిశీలించవచ్చు.

5. ప్లాస్టిక్‌ను కట్టె కుప్పలో వేయరాదు. రైతుకు నేర్పదగిన చిన్న పరీక్ష ఉంది: ముక్కను బకెట్ నీటిలో వేయాలి. పాలిథీన్ తేలుతుంది, పీవీసీ మునుగుతుంది. మునిగినవన్నీ పీవీసీ కాకపోవచ్చు, కాని మునిగిన దేనినీ మంటకు దగ్గరకు రానీయరాదు.

ముగింపు

డయాక్సిన్లను అరికట్టేందుకు రూపొందిన స్టాక్‌హోం ఒప్పందాన్ని భారతదేశం 2006లో ఆమోదించింది. కర్మాగారపు గొట్టానికి పరిమితి విధించవచ్చు. పొలం మంటకు గొట్టం ఉండదు. అక్కడ పనిచేసేది విస్తరణ కార్యకర్త మాట ఒక్కటే. వచ్చే సీజనుకు ముద్రించే కరపత్రాలలో ‘పీకి కాల్చివేయాలి’ అన్న వాక్యాన్ని ‘ముక్కలు చేసి నేలలో కలపాలి’ అని మార్చడంతో ఈ పని మొదలుపెట్టవచ్చు.