సర్వర్ల సముదాయాలు – విద్యుత్ పొదుపు

"కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి" అన్నది తెలుగు సామెత. పనిచేయక భుజించే మనిషిని ఉద్దేశించి పుట్టిన ఈ మాట నేటి కంప్యూటర్లకు కూడ చక్కగా వర్తిస్తుంది.

రైలు టికెట్టు, బ్యాంకు లావాదేవీ, పరీక్షా ఫలితం – వీటిలో ఏది కోరినా, బదులిచ్చేది ఎక్కడో ఒక డేటా సెంటర్‌లో బారులు తీరిన సర్వర్లు. అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా ప్రకారం 2024లో ప్రపంచంలోని డేటా సెంటర్లు సుమారు 41,500 కోట్ల యూనిట్ల విద్యుత్తును వినియోగించాయి. ప్రపంచ విద్యుత్ వినియోగంలో ఇది దాదాపు ఒకటిన్నర శాతం.

ఈ విద్యుత్తంతా పనికే ఖర్చవుతున్నదా? గూగుల్ సంస్థకు చెందిన లూయిజ్ బరోసో, ఉర్స్ హోల్జ్‌లె 2007లో ప్రకటించిన వ్యాసంలో ఈ విషయాన్ని చర్చించారు. వారు పరిశీలించిన ఐదు వేలకు పైగా సర్వర్లు ఎక్కువకాలం తమ సామర్థ్యంలో 10 నుంచి 50 శాతం మేరకే పనిచేశాయి. ఏ పనీ లేని సర్వర్ సైతం, నిండుగా పనిచేసేటప్పుడు తీసుకొనే విద్యుత్తులో దాదాపు సగం తీసుకొంటుందని వారు వివరించారు.

ఈ వృథాను అరికట్టే మార్గాలలో వర్చువల్ యంత్రాల పద్ధతి ముఖ్యమైనది. ఒకే యంత్రాన్ని సాఫ్ట్‌వేర్ సాయంతో పలు యంత్రాలుగా పనిచేయించడమే ఈ పద్ధతి. ఐ.బి.ఎం. సంస్థ 1972లోనే దీనిని తన పెద్ద కంప్యూటర్లకు అందించింది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఖాళీగా ఉన్నప్పుడు 150 వాట్లు, నిండుగా పనిచేసేటప్పుడు 300 వాట్లు తీసుకొనే సర్వర్లు మూడు ఉన్నాయనుకొందాం. పనితోపాటు విద్యుత్ వాడకం క్రమంగా పెరుగుతుందనుకొంటే, 20 శాతం పనికి ఒక్కొక్కటి 180 వాట్ల చొప్పున మూడూ 540 వాట్లు తీసుకొంటాయి. ఆ పనినంతా ఒకే సర్వర్‌కు అప్పగించి మిగిలిన రెండింటినీ ఆపివేస్తే 240 వాట్లు సరిపోతాయి. పని తగ్గలేదు, ఖర్చు సగానికి మించి తగ్గింది.

నడుస్తున్న వర్చువల్ యంత్రాన్ని వాడుకరికి తెలియకుండానే మరొక సర్వర్‌కు తరలించవచ్చు. 2005లో కేంబ్రిడ్జి పరిశోధకులు జరిపిన ప్రయోగాలలో అంతరాయం 60 మిల్లీసెకన్ల వరకు తగ్గింది.

అయితే పొదుపు పిసినారితనం కారాదు. ఒకే సర్వర్‌పై మితిమీరిన భారం మోపితే పని మందగిస్తుంది. అది చెడిపోతే దానిపై ఉన్న సేవలన్నీ ఒక్కసారిగా నిలిచిపోతాయి. ఆపిన సర్వర్ తిరిగి మేల్కొనడానికి కొంత వ్యవధి కావాలి. కనుక రద్దీ వేళలను ముందే అంచనా వేసి, కొన్ని సర్వర్లను సిద్ధంగా ఉంచడం అవసరం. ఎన్నింటిని నిద్రపుచ్చాలో, ఎన్నింటిని మేల్కొలిపి ఉంచాలో ఎరగడమే ఈ విద్యలోని వివేకం.