ఇల్లుంది, డోర్ నంబరు లేదు

మా ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్‌లో 2 జీబీ ర్యామ్‌లు రెండున్నాయి. మొత్తం 4 రావాలి, కానీ 3.2 మాత్రమే చూపించేది. హోసూరులో ఒక షాపులో అడిగితే "ఒక ర్యామ్ పోయిందమ్మా, కొత్తది వేయాలి" అన్నారు. ఒకటి పోతే 2 కదా చూపించాలి, 3.2 ఎలా వస్తుంది? ఇంటికొచ్చి ఒక్కోటి విడిగా పెట్టి చూశాం. రెండూ బాగానే ఉన్నాయి.

మరి మిగతాది ఏమైంది? ప్రాసెసర్‌ని పోస్ట్‌మ్యాన్ అనుకోండి. డోర్ నంబరు ఉన్న ఇంటికే ఉత్తరం ఇస్తాడు. 32 బిట్లతో వచ్చే నంబర్లు 429 కోట్లకు పైన, అంటే సరిగ్గా 4 జీబీకి సరిపడా. ఐతే గ్రాఫిక్స్, నెట్‌వర్క్ లాంటి పరికరాలకీ ఆ వీధిలోనే నంబర్లు కావాలి. ఒక పరికరం 256 ఎంబీ జాగా అడిగిందంటే, ఆ జాగా 256 గుణిజం దగ్గరే మొదలవ్వాలి. వాటికి ఇచ్చిన నంబర్లు ర్యామ్‌కి ఉండవు. ఇల్లుంటుంది, నంబరుండదు.

ఈ నంబర్లు పంచేది ఫర్మ్‌వేర్, అంటే స్విచ్ వేయగానే మొదట నడిచే ప్రోగ్రామ్. పంచాక ఇ820 అనే పట్టికను లైనక్స్‌కి అప్పజెప్తుంది. టెర్మినల్‌లో డీమెసేజ్ కమాండ్ ఇస్తే అది మొదట్లోనే కనిపిస్తుంది. 'యూజబుల్' అంటే మనం వాడుకోగల ర్యామ్, 'రిజర్వ్‌డ్' అంటే ముట్టుకోకూడని జాగా. 4 జీబీ దాటాక కూడా 'యూజబుల్' వరుస ఉంటే, నంబరు దొరకని ర్యామ్‌ని పై వీధికి మార్చారని అర్థం. లేకపోతే బయోస్ సెట్టింగుల్లో 'మెమరీ రీమ్యాప్' ఉందేమో వెతకాలి. మా దాంట్లో ఆ వరుసా లేదు, ఆ సెట్టింగూ లేదు. కొత్త ర్యామ్ కొన్నా డబ్బు దండగే అయ్యేది.

ఏదైనా పరికరం పని చేయకపోయినా ఇదే చోట చూడాలి. 'నో స్పేస్' అని ఉంటే పరికరం చెడిపోలేదు, దానికి జాగా దొరకలేదు.

మామూలు ఫర్మ్‌వేర్ ఈ పంపకం ఎలా చేసిందో మనకు చూపించదు. కోర్‌బూట్ చూపిస్తుంది. ఇది 1999లో అమెరికాలోని లాస్ అలామోస్ ప్రయోగశాలలో లైనక్స్‌బయోస్ పేరుతో మొదలైంది, 2008లో పేరు మారింది. దీని కోడ్ ఎవరైనా చదవచ్చు. కోర్‌బూట్ ఉన్న కంప్యూటర్‌లో సీబీమెమ్ అనే పనిముట్టుతో, ఏ పరికరం ఎంత అడిగింది, ఎక్కడ ఇచ్చారు అన్నది వరుసగా చూడొచ్చు.

ఇదంతా సైన్సు వాళ్ల పని అని నేనూ అనుకున్నాను. కావలసింది కూడికా తీసివేతే. ముందు పట్టిక చూడండి, పర్సు తర్వాత తీయండి.