రక్తము గడ్డకట్టకుండ చేయు మందులు: ఎవరికి ఏది తగును?

గుండెలోని పై రెండు గదులను కర్ణికలందురు. ఇవి క్రమముగా ముడుచుకొనుచు రక్తమును క్రింది గదులలోనికి నెట్టుచుండును. కొందరిలో ఈ క్రమము చెడి కర్ణికలు వణకుచుండును. దీనిని వైద్యులు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అందురు. రోగికి గుండెదడ, ఆయాసము కలుగవచ్చును. ఏమియు తెలియకయు ఉండవచ్చును. నాడి మాత్రము లయ తప్పి కొట్టుకొనును.

వణకుచున్న గదిలో రక్తము నిలిచి గడ్డకట్టును. ఆ గడ్డ మెదడులోని రక్తనాళమునకు అడ్డుపడినచో పక్షవాతము వచ్చును. ఈ వ్యాధి గలవారికి పక్షవాత భయము ఇతరులకన్న సుమారు 5 రెట్లు అధికము. దీనిని నివారించు మందులు రెండు తెగలు.

పాత మందు

1920 తరువాత ఉత్తర అమెరికాలో, బూజుపట్టిన ఒక జాతి గడ్డిని మేసిన పశువులు రక్తస్రావముతో చచ్చుచుండెను. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున కార్ల్ లింక్ బృందము అందుకు కారణమైన పదార్థమును కనుగొనెను. ఆ పరిశోధన నుండి పుట్టినదే వార్ఫరిన్. మొదట ఎలుకల మందుగా వాడబడిన ఇది 1954లో మనుష్యుల చికిత్సకు వచ్చినది.

వార్ఫరిన్ పక్షవాతములను సుమారు మూడింట రెండు వంతులు తగ్గించును. వెల స్వల్పము. అయితే ఐ.ఎన్.ఆర్. అను రక్తపరీక్ష తరచు చేయించవలెను. ఆ సంఖ్య సాధారణముగ 2, 3 మధ్య నుండవలెను. తగ్గినచో రక్షణ లేదు, పెరిగినచో రక్తస్రావ భయము. ఆకుకూరలను ఒక నెల విస్తారముగ తిని మరుసటి నెల మానినను ఈ సంఖ్య మారును. ఆకుకూరలు మానవలసిన పనిలేదు. నిత్యము ఒకే పాళముగ తినిన చాలును.

కొత్త మందులు

డాబిగాట్రాన్, రివరాక్సబాన్, ఎపిక్సబాన్ అనునవి 2009–2011 మధ్య జరిగిన పెద్ద పరీక్షలలో వార్ఫరిన్‌కు తీసిపోని రక్షణ నిచ్చినవి. మెదడులో రక్తస్రావము తక్కువ. వీటికి ఐ.ఎన్.ఆర్. పరీక్ష అక్కరలేదు. కాని మూత్రపిండముల పరీక్ష అవసరము. పూట తప్పినచో రక్షణ త్వరగా తొలగిపోవును.

బస్తర్ ప్రాంతమున

కోంటా, భోపాలపట్నము వైపు అడవి పల్లెల నుండి జగదల్‌పూర్‌కు మాటిమాటికి పోయి రక్తపరీక్ష చేయించుకొనుట కష్టము. అట్టి పల్లెలో కవాటములు చక్కగ నున్న వృద్ధునకు కొత్త మందులే అనుకూలము.

అదే పల్లెలో, చిన్ననాటి కీళ్ళవాత జ్వరముచే మైట్రల్ కవాటము ఇరుకైన యువతి సంగతి వేరు. ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికాలకు చెందిన 24 దేశములలో 4,500 మందికి పైగా ఇట్టి రోగులపై జరిగిన పరీక్ష ఫలితములు 2022లో వెలువడినవి. రివరాక్సబాన్ తీసుకొనినవారికన్న వార్ఫరిన్ తరగతి మందు తీసుకొనినవారిలో మరణములు తక్కువ. కావున దూరము కష్టమైనను ఆమెకు పాత మందే శ్రేయస్కరము. కృత్రిమ లోహ కవాటము గలవారికిని అంతే. వార్ఫరిన్ గర్భస్థ శిశువునకు హాని చేయవచ్చును గనుక, గర్భము ధరింపదలచిన స్త్రీ ముందే వైద్యునకు తెలుపవలెను. అందుచే మందు నిర్ణయించుటకు ముందు గుండె స్కాను తీయించుట ముఖ్యము.

జాగ్రత్తలు

ఆస్పిరిన్ వీటికి బదులు కాజాలదు. నొప్పి మాత్రలు, క్షయ మందులు, నాటు మందులు వైద్యునకు చెప్పక వాడరాదు. నల్లని మలము, ఆగని రక్తము, తలకు దెబ్బ, ఇవి కలిగినచో వెంటనే ఆసుపత్రికి పోవలెను. మూతి వంకర, చేయి పడిపోవుట, మాట తడబడుట కనిపించినచో వేళ గుర్తించి 108కు ఫోను చేయవలెను.

బాగున్నదని తలచి మందు తమంతట మానుటయే అన్నిటికన్న పెద్ద ప్రమాదము.