చికెన్ డబ్బాలో ఎర్రనీళ్లు

ప్రశ్న: ఆదివారం తెచ్చిన చికెన్‌లో సగం కవర్‌తోనే ఫ్రిజ్‌లో పెడతాను. మంగళవారానికి అడుగున ఎర్రనీళ్లు చేరి, ముక్కలు జిగటగా ఉంటున్నాయి. కడిగి వండొచ్చా?
- ఒక గృహిణి, ఖమ్మం

జవాబు: అది రక్తం కాదమ్మా. కండలోని నీరు, దాంట్లో కలిసిన మయోగ్లోబిన్ అనే ఎర్రటి ప్రోటీన్. నీరు ఊరడం మామూలే, ముక్కలు అందులో నానడమే చిక్కు. ఆ నీళ్లు బాక్టీరియాకు మంచి మేత. జిగటెక్కిన ముక్కల్ని పారేయండి. కడిగినా, మసాలా ఎంత దట్టించినా లాభం లేదు. పైగా కడిగిన నీళ్లు సింకంతా చిందుతాయి.

ఇకమీదట ఇంటికి రాగానే కవర్ విప్పి, నీళ్లు వంపి, టిష్యూతో అద్దండి. మూతున్న డబ్బాలో చిల్లుల పళ్లెం పెట్టి, దానిమీద ముక్కలు పేర్చి కింది అరలో ఉంచండి. పై అరలో పెడితే కొత్తిమీర మీద కారుతుంది! ఫ్రిజ్ 4 డిగ్రీల లోపున్నా ఒకటి, రెండు రోజులే. ఆపైన దాచాలంటే కొన్నరోజే పలుచగా పరిచి ఫ్రీజర్‌లో పెట్టండి. కుప్పగా పెడితే మెల్లగా గడ్డకట్టి, పెద్ద మంచుపలుకులు కండను చీలుస్తాయి. కరిగాక నీరంతా పోయి ముక్క పీచులా మిగులుతుంది. కరిగించడం కూడా ఫ్రిజ్‌లోనే, గట్టు మీద కాదు.

తిన్నాక జ్వరం, రక్తవిరేచనాలు, ఆగని వాంతులుంటే వెంటనే డాక్టరుకు చూపించండి. పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధుల విషయంలో అంతవరకూ ఆగొద్దు.