భుజం ఆపరేషన్ అయ్యాక మళ్లీ గోల్ఫ్ ఆడాలంటే

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు వాళ్లకు గోల్ఫ్ అంటే బెంగళూరే. 1876 నుంచి గోల్ఫ్ క్లబ్ ఉన్న ఊరది, కుప్పంలో రైలెక్కితే నేరుగా చేరిపోవచ్చు. ఉద్యోగాలకో వ్యాపారాలకో అక్కడ స్థిరపడి, నలభై దాటాక ఈ ఆట మరిగిన మనవాళ్లు చాలామందే ఉన్నారు. భుజం ఆపరేషన్ జరిగితే విశ్రాంతికి సొంతూరు వస్తారు. నాకు భయం అక్కడే. ఆట మానేశాను కదా అన్న ధీమాతో, కోతకు కూలీలు తక్కువైన రోజు నిండు టమోటా క్రేట్‌కు ఓ చెయ్యి వేస్తారు. కుట్టిన కండరం తెగడానికి గోల్ఫ్ మైదానమే అక్కర్లేదు, ఆ క్రేట్ చాలు.

భుజం కీలును చుట్టి నాలుగు చిన్న కండరాలుంటాయి. వాటినే రొటేటర్ కఫ్ అంటారు. చిరిగిన కఫ్‌ను ఎముకకు కుట్టాక అది మళ్లీ పట్టు సాధించడానికి నెలలు పడుతుంది. నొప్పి మాత్రం అంతకు చాలా ముందే తగ్గిపోతుంది. ఆ మధ్యకాలమే ప్రమాదకరం. నాటిన నారు వేరు పట్టిందో లేదో చూద్దామని ఏ రైతూ లాగి చూడడు. కుట్టు పడిన భుజానికీ ఆ ఓపికే కావాలి.

మొదటి ఆరు వారాలు

డాక్టరు చెప్పినన్నాళ్లు స్లింగ్ (చేతిని మెడకు వేలాడదీసే పట్టీ) తీయకండి. కఫ్ కుట్టినప్పుడు మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచమంటారు. వేళ్లు, మణికట్టు, మోచేయి మాత్రం రోజూ ఆడించాలి, లేకపోతే అవీ బిగుసుకుంటాయి. చొక్కా వేసుకునేటప్పుడు ఆపరేషన్ అయిన చేతిని ముందు దూర్చండి, విప్పేటప్పుడు దాన్ని చివర తీయండి. వెల్లకిలా చదునుగా పడుకుంటే భుజం లాగుతుంది. వీపు కింద రెండు మూడు దిండ్లు పెట్టుకుని సగం కూర్చున్నట్టు పడుకోండి, మోచేతి కింద ఇంకో చిన్న దిండు ఉంచండి. మంచి నిద్ర పట్టేది అలాగే.

ఆ చేత్తో బరువెత్తకండి. కుర్చీలోంచి లేచేటప్పుడు దాని మీద ఆనకండి. బస్సులో పైన కడ్డీ పట్టుకోకండి. స్లింగ్‌తో బైకు నడపడం మాట అటుంచి, హార్స్లీ హిల్స్ మలుపుల్లో వెనక కూర్చోవడం కూడా వద్దు. బండి ఒరిగితే మనిషి తెలియకుండానే ఆ చెయ్యే చాపుతాడు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. మన జిల్లాల్లో ఎముక దెబ్బ అనగానే పుత్తూరు నాటు వైద్యుల కట్టు గుర్తొస్తుంది. ఆ నమ్మకం తరాల నాటిది, దాన్ని తీసిపారేయాలని కాదు. కానీ ఆపరేషన్ చేసి కుట్టిన భుజాన్ని నూనె పెట్టి మర్దన చేయించడం, "బిగుసుకుంది, లాగితే వదులుతుంది" అని ఎవరి చేతో లాగించడం చేయకూడదు. ఏ కండరానికి ఎక్కడ కుట్టు పడిందో ఆపరేషన్ చేసిన డాక్టరుకే తెలుసు. వ్యాయామం కూడా ఆయన రాసిచ్చిన కాగితం చూసి ఫిజియోథెరపిస్టు చేయించాల్సిందే. వెల్లూరులోనో బెంగళూరులోనో ఆపరేషన్ చేయించుకుని ఊరు వచ్చేవాళ్లు ఆ కాగితం మరవకుండా తెచ్చుకోండి.

క్లబ్ పట్టేది ఎప్పుడు?

ఇది ఆపరేషన్‌ను బట్టి మారుతుంది. ఏమీ కుట్టకుండా, రాపిడి పెడుతున్న ఎముకను మాత్రం అరగదీస్తే రెండు మూడు నెలల్లో మెల్లగా మొదలుపెట్టొచ్చు. కఫ్ కుట్టినా, కీలు మార్చినా పూర్తి ఆటకు ఆరు నెలల దాకా పట్టొచ్చు. చిరుగు పెద్దదైతే ఇంకా ఎక్కువ. పక్కింటాయన నాలుగో నెలలో ఆడాడని మీరూ ఆడకండి.

డాక్టరు సరేనన్నాక పటింగ్‌తో మొదలుపెట్టండి. చేతులు నడుము దాటవు కాబట్టి భుజానికి పెద్దగా పని ఉండదు. తర్వాత చిన్న చిప్ షాట్లు. ఆ తర్వాత పొట్టి ఐరన్లతో సగం స్వింగ్, ముప్పావు స్వింగ్. డ్రైవర్ అన్నిటికన్నా చివర. మామూలు ఆటగాడు కొట్టినా డ్రైవర్ తల గంటకు 140 కిలోమీటర్లు దాటి వస్తుంది. ఆ వేగాన్ని అదుపు చేయాల్సింది ఆ చిన్న కండరాలే.

కుడిచేతి ఆటగాడికి ఎక్కువ కష్టపడేది ఎడమ భుజం. క్లబ్ వెనక్కి ఎత్తినప్పుడు ఎడమ చెయ్యి ఛాతీకి అడ్డంగా సాగి, కీలు వెనకభాగం మీద, భుజం పైనున్న ఎముకల జాయింటు మీద ఒత్తిడి పడుతుంది. కాబట్టి ఆ ఎత్తు తగ్గించండి. నడుమునూ తుంటినీ ఎక్కువ తిప్పండి. బంతిని టీ మీద పెట్టే కొట్టండి, క్లబ్ నేలకు తగిలితే ఆ అదురు నేరుగా భుజంలోకి వస్తుంది. ఎండి గట్టిపడిన నేల మీద, సిమెంటు మీద పరిచిన చాప మీద ప్రాక్టీసు వద్దు. గుబురు గడ్డిలో పడ్డ బంతిని బలంగా లాగి కొట్టకండి, చేత్తో తీసి బయట పెట్టుకోండి. స్కోరు పోతే పోనివ్వండి. బ్యాగు భుజాన వేసుకోకండి. రోజు విడిచి రోజు, ఇరవై బంతులకు మించకుండా ఆడండి. ఆడే ముందు పది నిమిషాలు నడిచి ఒళ్లు వేడెక్కించుకోండి.

నొప్పి మాత్ర వేసుకుని ఎప్పుడూ ఆడకండి. ఇక ఆపమని భుజం చెప్పే మాట మీకు వినపడదు. ఆడిన రాత్రి నిద్ర పట్టకపోయినా, మర్నాడు ఉదయానికి నొప్పి తగ్గకపోయినా, ఒక మెట్టు కిందికి దిగి మళ్లీ అక్కణ్నుంచే రండి. షుగరు ఉన్నవాళ్లు దాన్ని అదుపులో పెట్టుకోవాలి, బీడీ సిగరెట్లు మానాలి. రెండూ కండరం అతుక్కోవడాన్ని ఆలస్యం చేస్తాయి.

తొందరపడేవాళ్లకు క్రికెట్ బౌలర్ అనిల్ కుంబ్లేను గుర్తుచేస్తాను. 2001లో కోల్‌కతాలో మన లక్ష్మణ్ 281 పరుగులు చేసిన టెస్టులో కుంబ్లే లేడు, భుజం ఆపరేషన్ అయి ఇంట్లో ఉన్నాడు. అంత పెద్ద సిరీస్‌ను వదులుకుని, నెలల తరబడి ఆగి, ఆ ఏడాది చివర్లో బంతి పట్టాడు. ఆయన 619 టెస్టు వికెట్లలో సగానికి పైగా ఆ తర్వాత తీసినవే.

కుట్టు దగ్గర ఎరుపు, చీము, జ్వరం, ఉన్నట్టుండి ఫట్‌మన్న శబ్దంతో చెయ్యి లేవకపోవడం, వేళ్ల తిమ్మిరి, పిక్క వాపు, ఆయాసం – వీటిలో ఏది కనిపించినా బెంగళూరు డాక్టరు అపాయింట్‌మెంటు కోసం ఎదురుచూడకండి. కుప్పం వాళ్లకు పీఈఎస్ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, మిగతావాళ్లు దగ్గర్లోని పెద్దాసుపత్రికి వెళ్లండి. ఆయాసం వస్తే మాత్రం 108కి ఫోన్ చేయండి, తెల్లారేదాకా ఆగకండి.